నూటెనిమిది బస్తాల భోజనాలు

రోజు 1. మధ్యాహ్నం గీత: 31

ఈ పుస్తకం రాయమన్నది మా యజమాని తాతబ్బాయి గారు. పోటీ గెలిచాక దీన్ని అద్దాల పెట్టెలో పెట్టి హోటల్ గుమ్మంలో వేలాడదీస్తారట. ఇందులో ఏం రాస్తానో ఆయన చూడరు. సొంత హోటల్ మెనూ కార్డే ఇంతవరకూ పూర్తిగా చదవని మనిషి. అంచేత ఉన్నదున్నట్టు రాసుకుంటాను.

నా పేరు నూకరత్నం. నేలతల్లి విలాస్‌కి మేనేజర్ని. పేరులో నేల ఉంది గాని మా కింద ఉన్నవి ఉప్పునీళ్ళు. తాడుబజారులో అన్ని కొట్లలాగే మాదీ ఒక పెద్ద బెలూనుకి వేలాడుతూ ఉంటుంది, లావుపాటి గొలుసుతో స్తంభానికి కట్టేసి. జనం ఎక్కితే హోటల్ దిగుతుంది, జనం దిగితే హోటల్ ఎక్కుతుంది. స్తంభం మీద గీతలుంటాయి. మా పనివాళ్ళు తప్ప ఎవరూ లేనప్పుడు నలభయ్యో గీత దగ్గర ఉంటాం. ముగ్గురెక్కితే ఒక గీత కిందికి. నాలుగో గీత ఎర్రది. అది దాటి దిగితే ప్రమాదం. నాకు తెలిసి ఎవరూ దాటలేదు.

కాబట్టి ఇక్కడ హోటల్‌కి వేరే బోర్డక్కర్లేదు. తాళ్ళ మీద నడిచే తొట్టిలోంచి స్టేషన్ అరుగు మీద దిగినవాడు బజారంతా ఓసారి చూసి, అందరికన్నా కిందికి వేలాడే కొట్టుకి పోయే చిన్న తొట్టి ఎక్కుతాడు. జనం ఉన్నచోటే రుచి ఉంటుందని వాడి నమ్మకం. తప్పేముంది, నేనూ చెప్పుల కొట్టుకి అలాగే వెళ్తాను.

ఇక పోటీ సంగతి. స్టేషన్‌కి ఎదురుగా బజారు సంఘం వాళ్ళు కొత్త స్తంభం వేశారు. ముప్పై రోజులపాటు రోజూ మిట్టమధ్యాహ్నం గీత చూసి, ఎవరి మొత్తం తక్కువుంటే వాళ్ళకి ఆ స్తంభం ఇస్తారు. ఓడినవాళ్ళు చివరి స్తంభానికి పోవాలి. అది నాలుగు కిలోమీటర్ల అవతల, సముద్రంలో. అక్కడికి రోజుకి రెండే తొట్లు.

"చివరి స్తంభమే రాసిపెట్టుంటే బెలూను విప్పేసి గుడ్డ అమ్మేస్తానే రత్నం" అన్నారు తాతబ్బాయి గారు. అన్నంత పనీ చేస్తారు. మా దగ్గర పందొమ్మిది మంది పనివాళ్ళున్నారు. అందర్నీ పనిలో పెట్టుకున్నది నేనే. నిన్న వాళ్ళందరినీ నిలబెట్టి "నేనున్నానుగా, మీకేం భయం లేదు" అనేశాను. నోరా, వీపుకి తేకే!

పోటీలో ముగ్గురం. మేమూ, గాలిగోపురం హోటలూ, ఒక లాండ్రీ. లాండ్రీని ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు. గాలిగోపురం మేనేజరు గవర్రాజు మా అక్క మొగుడు. సాయంత్రం ఫోన్ చేశాడు.

"ఏంటి మరదలా, ముప్పై ఒకటా? అది హోటలా, గాలిపటమా?"

"మీరెంతండి బావగారూ?"

"పన్నెండు."

"అందులో మీ ఒక్కరి బరువే అయిదు గీతలు కదండీ."

ఫోన్ పెట్టేశాడు. మొదటి రోజు మాటల్లో గెలుపు నాదే.

రోజు 3. గీత: 32

ఇవాళ భోజనానికి వచ్చింది ఇరవై నాలుగు మంది. మా వంటావిడ మంగతాయారు పిన్ని పనసపొట్టు కూర వండింది. ఆ కూర తింటే శత్రువు కూడా కాళ్ళు బారజాపుకుని కూర్చుంటాడు. కానీ తినడానికి ముందు రావాలి కదా! వచ్చినవాళ్ళు మెచ్చుకుంటూనే ఉన్నారు, రానివాళ్ళు మా ఎత్తు చూసి పక్కకి పోతూనే ఉన్నారు. నాకు ఏడుపొస్తోంది.

రోజు 4. గీత: 4!!!

అవును, నాలుగే. తప్పు రాయలేదు.

మంటలార్పడానికి నాలుగు బస్తాల ఇసుక ఉంచుకోవాలని రూలు. నాలుగు కావాలని సరఫరా యంత్రానికి నేనే చెప్పాను. ఆ మహాతల్లి ఏం చేసిందయ్యా అంటే, పొయ్యికి నాలుగు అనుకుని మా తొమ్మిది పొయ్యిలతో గుణించి, ముప్పై ఆరు బస్తాలు పంపించింది. పొద్దున్నే పడవవాడు సూరన్న వాటిని మా హాలు కింద సామాన్ల గదిలోకి ఎక్కించేశాడు.

"ఇన్నెందుకయ్యా బాబూ, తీసుకుపో" అన్నాను.

"వాపసంటే వారం తర్వాతేనండి, ఆయ్" అని పడవ తిప్పుకుని వెళ్ళిపోయాడు.

బస్తా ఒక్కోటి ఒక మనిషంత బరువు. పదకొండింటికి హోటల్‌లో పురుగు లేదు గాని మేం ఇరవై ఎనిమిదో గీతకి దిగిపోయి ఉన్నాం. స్టేషన్ అరుగు మీదివాళ్ళకి ఏమనిపిస్తుంది? పదకొండింటికే ముప్పై ఆరు మంది తింటున్నారనిపిస్తుంది! మొదట పదిమంది వచ్చారు. మేం ఇంకో మూడు గీతలు దిగాం. అది చూసి ఇరవై మంది వచ్చారు. తర్వాత నాకు లెక్క తెలియలేదు. మిట్టమధ్యాహ్నం సైరన్ మోగేసరికి డెబ్భై రెండు మంది కూర్చుని ఉన్నారు, మేం ఎర్రగీత మీద ఉన్నాం, అరుగు మీద ఇంకా వరస ఉంది. వరాలమ్మ అనే ఒక పెద్దావిడ పనసపొట్టు కూర మూడుసార్లు వేయించుకుని, "ఎన్నాళ్ళు దాచారే దీన్ని" అని నన్ను తిట్టింది.

నేను వంటింట్లోకి పరిగెత్తి పిన్నిని వాటేసుకుని గిరగిరా తిప్పేశాను. ఆవిడ గరిటెతో నా నెత్తి మీద ఒక్కటిచ్చింది.

రోజు 5. గీత: 4

తాతబ్బాయి గారు కింది సామాన్ల గదిలోకి దిగి, బస్తాలని ఒక్కొక్కటీ నిమిరి చూశారు.

"వీటిని కదిపావంటే ఊరుకోను. ఇవి లక్ష్మీదేవులే."

"తప్పు కదండీ?"

"ఏం తప్పు? జనం వచ్చారా, తిన్నారా, బావుందన్నారా? మరి?"

ఇసుక అబద్ధమే గాని కూర నిజం. అలా అనుకుని నిద్రపోయాను. బాగానే పట్టింది.

రోజు 8. గీత: 4

గాలిగోపురం కూడా నాలుగు! నిన్నటిదాకా పదిహేడు మీద ఊగుతున్నవాళ్ళు ఇవాళ పొద్దున ఏడింటికే నాలుగు మీద కూర్చున్నారు. ఏడింటికి ఎవడు తింటాడు భోజనం?

"బావగారూ, ఏంటండి విశేషం?"

"మావాడు కొత్త పచ్చడి కనిపెట్టాడే."

"ఎలా ఉంటుందండి?"

"పంటి కింద కరకరలాడుద్ది."

ఆయన ముక్కుతో నవ్వాడు, నేను పైట నోట్లో కుక్కుకున్నాను. సూరన్న! రెండు హోటళ్ళకీ ఇసుక తెచ్చేది అతనొక్కడే. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అనలేదు. ఇక ఆయన నా గుట్టు చెప్పలేడు, ఆయన గుట్టు నేను చెప్పలేను.

రోజు 12. గీత: 4

పొద్దున్నుంచీ నాలుగు మీద ఉండే హోటల్ పక్కన ఇరవై ఎనిమిది మీద ఉండేదానికి ఎవరొస్తారు? ఇంకో ఇరవై నాలుగు బస్తాలు తెప్పించాం. మొత్తం అరవై. అంటే భోజనానికి నలభై ఎనిమిది మందినే ఎక్కించుకోగలం. మిగతావాళ్ళు అరుగు మీద వరసలో నిలబడుతున్నారు. వరస పొడుగు చూసి ఇంకా జనం వస్తున్నారు.

తినేవాళ్ళు తగ్గుతున్నారు, పేరు పెరుగుతోంది. ఇలాంటి వ్యాపారం నేనెక్కడా చూడలేదు.

రోజు 16. గీత: 4

తొంభై బస్తాలు. పద్దెనిమిది మంది తిన్నారు. వరసలో నూట అరవై మంది.

బస్తాలన్నీ కింది గదిలో ఒక మూలకి చేరితే హోటల్ ఒరిగిపోతోంది. నిన్న రసం ఒంటివైపు పొర్లి ముగ్గురికి స్నానమైంది. అందుకని బస్తాలని హాల్లోకి తెచ్చి కుర్చీకొకటి కూర్చోబెట్టాం. కిటికీలోంచి చూసినవాళ్ళకి అనుమానం రాకుండా చొక్కాలు తొడిగాం. చారల చొక్కా బస్తా అచ్చం మా తాతబ్బాయి గారిలాగే ఉందని సర్వర్లు చెవులు కొరుక్కుంటున్నారు. నేను కసిరాను. తర్వాత వెళ్ళి చూశాను. ఉంది.

రోజు 19. గీత: 4

నూటెనిమిది బస్తాలు. భోజనం చేసినవాళ్ళు: సున్నా.

పొద్దున తలుపు తీసినప్పటినుంచి మూసేదాకా ఎర్రగీత మీద కదలకుండా ఉన్నాం. గుమ్మంలో 'నిండింది' అని ఎర్రజెండా. అరుగు మీద రెండొందల పది మంది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత!

హాలు మరీ నిశ్శబ్దంగా ఉందని తాతబ్బాయి గారు బెంగపడ్డారు. నిండిన హోటల్ అంటే చప్పుడుండాలి కదా. సరే, పందొమ్మిది మందినీ పిలిచాను. నలుగురు కంచాలు మోగించాలి. ముగ్గురు "ఇంకాస్త సాంబారు!" అని అరవాలి. ఇద్దరు పొలమారాలి. ఒకడు ఏడుస్తున్న పిల్లాడిలా, ఒకామె వాడి తల్లిలా. సర్వర్లందరికీ పెద్దయిన పోలిరాజు త్రేన్పుల శాఖ తీసుకున్నాడు. మిట్టమధ్యాహ్నానికి ఎంత జోరందుకుందంటే, నేనే మైమరచి ఆరో టేబుల్ బస్తా దగ్గరికెళ్ళి "ఇంకేమైనా కావాలాండి?" అని అడిగాను. అడిగి, నేల మీద కూలబడి, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాను. అందరూ నవ్వారు. పోలిరాజు నవ్వుతూనే త్రేన్చాడు.

సాయంత్రం వార్తల గొట్టంలో చెప్పారు: తాడుబజారులో మొదటి స్థానం నేలతల్లి విలాస్‌దేనట. చెప్పినవాడు మా గడప తొక్కలేదు.

రోజు 24. గీత: 4

టోకెన్లు ఇవ్వడానికి అరుగు మీదికి వెళ్ళాను. వరసలో వరాలమ్మ గారు కనిపించారు. మొదటి జనంలో తిన్నావిడ.

"ఏమ్మా, ఒక మాటడుగుతాను. లోపలికెళ్ళినోళ్ళు బయటికి రారా?"

"అదేంటండి, వస్తారు కదండీ."

"ఆరు రోజుల్నించి నిలబడుతున్నాను. ఒక్కడు మూతి తుడుచుకుంటా రాలేదు."

"మావాళ్ళు కాస్త నెమ్మదిగా తింటారండి."

"ఆరు రోజులా?"

నేను ఆవిడకి ఒకటో నంబరు టోకెన్ ఇచ్చి తొట్టెక్కేశాను. దారిలో నవ్వొచ్చింది. హోటల్ దగ్గరికొచ్చేసరికి నవ్వు పోయింది. ఆవిడ కొంగులో రెండు అరటిపళ్ళు కట్టుకుని వచ్చింది, వరసలో ఆకలేస్తే తినడానికి. మా హోటల్ ముందు నిలబడి మా హోటల్లో తినలేక! ఒళ్ళంతా సిగ్గేసింది.

రోజు 26. గీత: 4

తాయారు పిన్ని ఇవాళ చారల చొక్కా బస్తా ముందు ఆకు వేసి, అన్నం పెట్టి, పప్పు వేసి, నెయ్యి వేసి, దండం పెట్టి నిలబడింది.

"తినవయ్యా మహానుభావా. వారం నుంచి చూస్తున్నాను, నా వంట నచ్చలేదా?"

"పిన్నీ..."

"మాట్లాడకు. మనుషులకి వండి పెడతానని వచ్చాను గాని బస్తాలకి వండుతానన్నానా? చప్పుళ్ళు చేయించుకో, పాటలు పాడించుకో. నా పొయ్యి మాత్రం నన్ను చూసి నవ్వుతోందే."

తాతబ్బాయి గారి దగ్గరికెళ్ళి చెప్పేశాను. "ఇసుక దింపేద్దామండి. ఓడితే ఓడాం."

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బావుండేది. కిటికీలోంచి కంచాలు తోముతున్న మావాళ్ళని చూపించారు.

"నాలుగు రోజులే. స్తంభం రాగానే ఇసుక పోద్ది, మనుషులొస్తారు. ఈలోపు దింపేస్తే ఈ పందొమ్మిది మంది సంగతి నువ్వే చూసుకుంటావా?"

కక్కలేక మింగలేక వచ్చేశాను. కంచాల మోత మొదలెట్టమని చెప్పాను.

రోజు 29. గీత: 4

సంఘం వాళ్ళు లెక్క చెప్పారు. మాకు మొత్తం నూట తొంభై ఏడు. గాలిగోపురానికీ నూట తొంభై ఏడు! తల తిరిగిపోయింది. రేపు మధ్యాహ్నం ఎవరు ఒక్క గీత కిందుంటే వాళ్ళదే స్తంభం.

"రేపు నీకు మంచి చీర కొనిపెడతానే, ఓడినందుకు" అన్నాడు బావ ఫోన్లో.

"మా అక్కకి కొనండి ముందు."

రోజు 30. గీత: చివర్లో రాస్తాను

పదకొండు గంటలకి ఇద్దరం నాలుగు మీద ఉన్నాం. అరుగు మీద మూడొందల మంది. సంఘం తరఫున గీతలు చూసే పల్లాలమ్మ గారు దుర్భిణి పట్టుకుని స్టేషన్ మేడ ఎక్కారు.

పదకొండుంబావుకి గాలిగోపురం మూడు మీదుంది.

అరుగు మీద కేకలు. ఎర్రగీత దాటిన హోటల్‌ని ఎవరూ చూడలేదు కదా, ఏమి తిండిరా బాబూ అని ఈలలు. ఫోన్ మోగింది.

"చూశావా మరదలా! మూడు!"

"ఏం చేశారండి? ఇంకో మూడు బస్తాలు వేశారా?"

"ఏమీ వెయ్యలేదే. దానంతటదే దిగుతోంది. దేవుడున్నాడు!"

నేను కిటికీలోంచి వాళ్ళ బెలూను చూశాను. దేవుడు కాదు, కుట్టు ఊడింది. నెత్తిమీద ఒకచోట గుడ్డ జానెడు విడిపోయి టపటపా కొట్టుకుంటోంది. లోపలున్న బావకి అది కనపడదు.

"బావగారూ, మీ బెలూను కారిపోతోందండి!"

"ఆహా. మూడు చూసేసరికి కారిందా నీకు?"

ఇటు తాతబ్బాయి గారు చేతులు పిసుక్కుంటున్నారు. "మనమూ దింపాలే! ఏదో ఒకటి పడెయ్యి, బీరువా ఎక్కించు, నీళ్ళు నింపు, అండాలన్నీ నింపండ్రా!" మావాళ్ళు అండాలు నింపడం మొదలెట్టారు. మేమూ దిగాం. మూడున్నర. అటు గాలిగోపురం రెండు. అరుగు మీద జనం పాట అందుకున్నారు. నాకూ ఒక్క క్షణం, అబద్ధమెందుకు, ఒళ్ళు పులకరించింది. ఇంకో పది బిందెలు నింపించి ఉండేదాన్నే.

అప్పుడు బావ హోటల్ గొలుసు నీళ్ళలోకి దిగింది. వాళ్ళ వంటిల్లు అన్నిటికన్నా కింద ఉంటుంది. దానికీ నీళ్ళకీ మధ్య ఇక రెండు నిలువుల ఎడం కూడా లేదు. పోటు మీద సముద్రం, పడవలు కూడా బయట లేవు. లోపల బావతో కలిపి ఇరవై ఇద్దరు. అందులో మా అక్క క్యాషు కౌంటరు దగ్గరుంది.

"బావా! ఇసుక పారెయ్యి!" మీరూ గీరూ పోయింది.

"ఇంకో పాతిక నిమిషాల్లో సైరన్ మోగుద్ది. అంతదాకా ఊపిరి బిగబట్టుకుంటాం."

"మునిగిపోతారు!"

"మూడొందల మంది చూస్తుంటే బస్తాలు బయటికి విసరమంటావా? నా మొహం ఎక్కడ పెట్టుకోను?" ఆయన భయం తెలిసిపోతూనే ఉంది. తర్వాత బింకంగా నవ్వాడు. "సరే, ముందు నువ్వు పారెయ్. నువ్వు పారేస్తే నేనూ పారేస్తా. ఏం, పారేస్తావా?"

వెక్కిరింతకే అన్నాడు. కానీ పదిహేనేళ్ళుగా ఆ మనిషిని చూస్తున్నాను. ఒక్కడే సిగ్గుపడమంటే చస్తాడు గాని పడడు. పక్కన ఇంకొకరుంటే పడతాడు.

హాలు వైపు తిరిగాను. పందొమ్మిది మందీ కంచాలు పట్టుకుని నన్నే చూస్తున్నారు.

"నేనున్నానని మీకు మాటిచ్చాను. ఆ మాట ఇప్పుడు పోగొడుతున్నాను" అన్నాను.

పోలిరాజు కంచం కింద పెట్టాడు. "ఏ కిటికీలోంచండి?"

అన్ని కిటికీల్లోంచీ! చొక్కాలతో సహా! మొదటి బస్తా నేనే ఎత్తి విసిరాను. ఒక మనిషి దూకేసినట్టుండి అరుగు మీద మూడొందల మంది కెవ్వున అరిచారు. రెండోది, మూడోది. పది పడేసరికి వాళ్ళకి అర్థమైంది. అరుపులు ఆగి, ఇంకో రకం అరుపులు మొదలయ్యాయి. మేం లేస్తున్నాం! ఇరవై, ఇరవై అయిదు, ముప్పై! అండాల్లో నీళ్ళు ఎగిరి పైకప్పుకి తగిలాయి. తాయారు పిన్ని హాలు మధ్య గుంజని వాటేసుకుని "పారెయ్యండ్రా, ఆ చారలోణ్ణి నాకు వదలండి!" అని కేకలు. కడుపులో గాలి నిండినట్టుంది నాకు, నవ్వాగడం లేదు, చెవులు గింగురుమంటున్నాయి. తాతబ్బాయి గారు మాత్రం ఒక బస్తాని రెండు చేతుల్తో కావలించుకుని మూల కూర్చున్నారు. ఆయన్ని ఎవరూ కదపలేకపోయారు. నూట ఏడు పోయాయి, ఆ ఒక్కటీ మిగిలింది.

నేను కిటికీలోంచి సగం బయటికి వంగి అరిచాను. "బావా! చూడు! నా సిగ్గంతా పోయింది! ఇక నీదే ఆలస్యం!"

ఒక్క నిమిషం ఏమీ జరగలేదు. గాలిగోపురం ఒకటో గీత దగ్గర, వంటింటి మెట్లకి అలలు కొడుతూ. తర్వాత వాళ్ళ కిటికీ తెరుచుకుంది. ఒక బస్తా. దాని వెనకే ఇంకోటి. దానికి పట్టుచొక్కా తొడిగారు, చూడండి ఆ దర్జా! తర్వాత ఇక వానే. మా అక్క కూడా చీర ఎగ్గట్టి విసురుతోంది. గాలిగోపురం కారుతూ, మూలుగుతూ, ఊగుతూ పైకి లేచింది.

సైరన్ మోగింది. మేం ముప్పై తొమ్మిది. వాళ్ళు ఇరవై రెండు.

పల్లాలమ్మ గారు తొట్టిలో వచ్చారు. ఖాళీ హాలంతా ఒకసారి చుట్టి చూశారు.

"ముప్పై రోజులు గీత చూశాను గాని, ఎవరు తింటున్నారో ఒక్కసారీ తొంగి చూడలేదు. అది నా తప్పు. మిగతాది మీ ఇద్దరిదీ. రెండు పేర్లూ కొట్టేస్తున్నాను."

"మరి స్తంభం ఎవరికండీ?"

"లాండ్రీకి. తడిబట్టల బరువు అబద్ధం కాదు కదా."

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. పందొమ్మిది మంది మొహాలూ చూడలేక గుమ్మం వైపు నడిచాను. అక్కడ అదే తొట్టిలో వచ్చిన వరాలమ్మ గారు నిలబడి ఉన్నారు, చేతిలో ఒకటో నంబరు టోకెన్.

"మోసాల సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ఇప్పుడు ఖాళీ ఉందా, లేదా?"

ఖాళీయా! నూట ఏడు కుర్చీలు! "రండమ్మా" అన్నాను. ఆవిడ వెనకే వరస కదిలింది. కొందరు తిట్టుకుంటూ, కొందరు నవ్వుకుంటూ వచ్చారు. కొందరైతే బస్తా కూర్చున్న కుర్చీలోనే కూర్చుంటామని పోట్లాడుకున్నారు. తాయారు పిన్ని పొయ్యిలన్నీ వెలిగించింది. బావ తన బెలూనుకి మాటు వేయించడానికి మనిషిని ఎక్కించి, తన వంటింట్లో ఉన్నదంతా మా దగ్గరికి తొట్టిలో పంపించాడు. ఆయన వరస కూడా మా వరసలోనే కలిసింది. మేం దిగుతున్నాం. ముప్పై, ఇరవై, పది. ఈసారి చప్పుళ్ళు చెయ్యమని ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది.

"రేపట్నించి ఎక్కడుంటారు?" అని అడిగింది వరాలమ్మ, వేళ్ళు నాకుతూ.

"చివరి స్తంభం దగ్గరండి. ఉంటే."

"ఉంటే ఏంటి? మొదటి తొట్టి ఎన్నింటికి?"

"పదిన్నరకండి."

"అయితే పదిన్నరకి" అని మళ్ళీ కూర వైపు తిరిగింది.

రెండు గంటలకి నాలుగో గీత. నూట ఏడుగురు మనుషులు, తాతబ్బాయి గారి బస్తా. ఇక ఎవర్నీ ఎక్కించుకోకూడదు. తలుపు వేయబోతుంటే గుమ్మంలో బావ. చొక్కా నిండా ఇసుక, కళ్ళు ఎర్రగా.

"నాకూ ఆకలేస్తోందే" అన్నాడు మెల్లగా.

"నిండిందండి బావగారూ." నిజంగానే నిండింది.

మూలనుంచి తాతబ్బాయి గారు చూస్తున్నారు. హాల్లో ఒక్కొక్కరినీ చూశారు, బావని చూశారు, ఒళ్ళో బస్తాని చూశారు. లేచి, దాన్ని ఈడ్చుకుంటూ కిటికీ దాకా వెళ్ళి, ఆయాసపడుతూ తోసేశారు. కింద నీళ్ళు ఎగిరాయి.

"రావయ్యా, కూర్చో" అన్నారు. ఆయన్ని ఒక్క మనిషి కిందే రాసుకున్నాం, బరువు సంగతి మాకు తెలిసినా.

తర్వాత తాతబ్బాయి గారు నా పక్కకొచ్చి నిలబడ్డారు. బెలూను వైపు చూస్తున్నారు. గుడ్డ అమ్మేస్తానంటారనే అనుకున్నాను.

"చివరి స్తంభం దాకా లాక్కెళ్ళాలంటే సూరన్న పడవలు ఎన్ని కావాలే?"

"మనకి మూడు చాలండి." మళ్ళీ వేళ్ళ మీద లెక్కపెట్టాను. "బావగారి వాళ్ళకి కూడా కలిపితే ఆరు."

ఆయన వంగి, ఆబగా తింటున్న బావని ఒకసారి చూశారు.

"ఆరు చెప్పు" అన్నారు.

మధ్యాహ్నం గీత: 39. రెండు గంటలకి: 4, అందరూ మనుషులే.